పాదాల మంటకు నాలుగు మందులు, ఒక పుండు, ఒక జత చెప్పులు

2021 ఆగస్టు 19, వరలక్ష్మీ వ్రతం ముందురోజు. జాకెట్ల కోసం వచ్చినవాళ్లతో కొట్టు నిండి ఉంది. కాజాలు కుట్టే అమ్మాయి ఉన్నట్టుండి, "పెద్దమ్మా, నేల మీద కుంకుమ ఒలికినట్టుంది, తొక్కకండి" అంది. వంగి చూస్తే అది కుంకుమ కాదు. మిషను కింద నుంచి గుమ్మం దాకా తెల్లటి పలకల మీద ఎర్రటి మచ్చలు, ఒక్కో అడుగుకు ఒక్కో మచ్చ. ఎడమ కాలు ఎత్తి చూసుకున్నాను. బొటనవేలి మొదట్లో, అరికాలు ఉబ్బెత్తుగా ఉండే చోట గుండుసూది తలదాకా దిగి ఉంది. ఎప్పుడు దిగిందో తెలియదు. పొద్దున తొమ్మిదింటి నుంచి ఆ కాలితోనే పెడలు తొక్కుతున్నాను. చీమ కుట్టినట్టు కూడా లేదు.

అదే పాదం ముందురోజు రాత్రి ఒంటిగంట దాకా నన్ను పడుకోనివ్వలేదు. నిప్పుల మీద పెట్టినట్టు మంట. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేక కాళ్లు మంచం బయటికి చాపుకుని ఫ్యాను కింద కూర్చున్నాను. రాత్రి దుప్పటి తగిలితే భరించలేని పాదానికి పగలు సూది దిగితే తెలియలేదు. షుగరు నరాల జబ్బు గురించి నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైన సంగతి ఇదే. మంట వేరు, మొద్దుబారడం వేరు. రెండూ ఒకే పాదంలో ఉంటాయి. మందుల దుకాణంలో దొరికేవన్నీ మొదటిదానికే.

నేను తెనాలిలో ముప్పై ఏళ్లుగా జాకెట్లు, లంగాలు కుడుతున్నాను. 2008లో షుగరు బయటపడింది, 2016లో మంటలు మొదలయ్యాయి. అప్పటి నుంచి వాడిన మందులు, మానేసిన మందులు, పుండుకు చేయించుకున్న వైద్యం, వేసుకుంటున్న చెప్పులు, అన్నిటి గురించీ రాస్తున్నాను. కొట్టుకు వచ్చే ఆడవాళ్లలో రోజుకు ఒకరైనా "అక్కా, నీకు కూడా కాళ్ల మంటలటగా, ఏం వాడుతున్నావు?" అని అడుగుతారు. కొలతలు తీసుకుంటూ రెండు మాటల్లో చెప్పేది కాదు ఇది. మందుల పెట్టెలో మడతపెట్టి ఉండే కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివే అలవాటు నాకుంది. అర్థం కానివి డాక్టరుగారిని అడిగి రాసుకుంటాను. ఆ నోటుపుస్తకం పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను. నాకు పడింది మీకు పడాలని లేదు. ఏ మందైనా మీ కిడ్నీ, కాలేయం, గుండె సంగతి తెలిసిన డాక్టరు రాయాల్సిందే.

మొదట నాకు దొరికింది ఎర్రటి ఇంజెక్షను. మిథైల్‌కోబాలమిన్, అంటే బి12. మా వీధి చివర ఆయన వారానికి రెండు చొప్పున పది వేశారు. మంట తగ్గలేదు. ఇక బి12 దండగ అని తీర్మానించుకున్నాను. అది తప్పని చాలా ఏళ్ల తరవాత తెలిసింది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి మింగితే ఒంట్లో బి12 తగ్గిపోవచ్చు. బి12 తగ్గినా నరాలు దెబ్బతింటాయి, కాళ్లు అలాగే తిమ్మిరెక్కుతాయి. పదమూడేళ్లు మెట్‌ఫార్మిన్ వాడిన నాకు మొదటిసారి రక్తపరీక్ష చేయించినప్పుడు బి12 148 వచ్చింది. 200 కంటే తక్కువైతే లోటు ఉన్నట్టే అన్నారు. లోటు ఉన్నవాళ్లకు ఆ ఇంజెక్షను అవసరం. లోటు లేనివాళ్లు దాన్ని మంటకు మందని నమ్ముకుంటే నిరాశే మిగులుతుంది. ఇంజెక్షనుకు ముందు ఆ పరీక్ష చేయించమని అడగండి. ఐదేళ్లు ముందు నాకు ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

తరవాత ప్రీగాబాలిన్. షుగరు నరాల నొప్పి ఉన్నవాళ్లలో ఎక్కువమందికి మొదట రాసేది ఇదే. మన దగ్గర చాలావరకు మిథైల్‌కోబాలమిన్‌తో కలిపిన గొట్టంగా, 75 మిల్లీగ్రాములతో దొరుకుతుంది. దెబ్బతిన్న నరం అదుపు లేకుండా పంపే నొప్పి సంకేతాలను ఇది తగ్గిస్తుంది, నరాన్ని మాత్రం బాగుచేయదు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు, మంట తగ్గింది కాబట్టి నరం బాగుపడిందనే అనుకున్నాను.

రాత్రి ఒకటి వేసుకున్న మూడో రోజు నుంచి నిద్ర పట్టింది. వారం తిరిగేసరికి మంట పదికి ఎనిమిది నుంచి ఐదుకు దిగింది. ఏడాదిగా లేని సుఖం అది, ఆ వారం ఇప్పటికీ గుర్తుంది. తరవాత పొద్దున కూడా ఒకటి వేసుకోమన్నారు. అక్కడ నా పని దెబ్బతింది. పొద్దున మాత్ర వేసుకుని పదకొండింటికి కత్తెర పట్టుకుంటే సుద్ద గీత రెండుగా కనిపించేది. లేచి నిలబడితే కొట్టు ఒక పక్కకు ఒరిగినట్టుండేది. ఒకావిడ తెచ్చిన కంచిపట్టు జాకెట్టు గుడ్డలో చంక వంపును అర అంగుళం లోపలికి కోసేశాను. ముప్పై ఏళ్లలో అలాంటి పొరపాటు చేయలేదు. ఆ గుడ్డ డబ్బులు నేనే ఇచ్చుకున్నాను. చీలమండలు వాచాయి, మూడు నెలల్లో నాలుగు కిలోలు పెరిగాను. షుగరు మనిషికి బరువు పెరగడం చిన్న సంగతి కాదు. తూలడం, మత్తు, వాపు, బరువు నాలుగూ ఆ పెట్టెలోని కాగితంలో ఉన్నాయి. ఎవరూ నోటితో చెప్పలేదు, అంతే.

ప్రీగాబాలిన్ వాడేవాళ్లకు రెండు మాటలు చెప్పాలి. ఈ మందు కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది కాబట్టి క్రియాటినిన్ ఎక్కువ ఉన్నవాళ్లకు మోతాదు తగ్గించాలి. రెండో మాట, ఒక్కసారిగా ఆపకూడదు. ఊరెళ్లినప్పుడు మాత్రలు మరిచిపోయి నాలుగు రోజులు మానేస్తే చెమటలు, గుండెదడ, నిద్రలేమి నన్ను ఊపేశాయి. వారాల మీద తగ్గించుకుంటూ రావాలి.

అమిట్రిప్టిలిన్ ఎంత చవకంటే, దుకాణంలో చిల్లర తిరిగి ఇవ్వడానికి వెతుక్కుంటారు. పాత మందు, రాత్రికి 10 మిల్లీగ్రాముల చిన్న మాత్ర. మొదటి రాత్రే గాఢంగా నిద్రపోయాను. మంటలో నాకిచ్చిన సుఖం ప్రీగాబాలిన్‌కు ఏమాత్రం తీసిపోలేదు, తూలడం కూడా తక్కువే. నోరు మాత్రం ఎండిపోయేది. దారం చివర తడిపి సూదిలో ఎక్కించడానికి నోట్లో తడి ఉండేది కాదు. మలబద్ధకం మరో బాధ. 25కు పెంచబోతూ ఈసీజీ తీయించారు. అందులో గుండె కొట్టుకునే తీరులో తేడా కనిపించిందని ఆపేశారు. ప్రోస్టేటు ఇబ్బంది ఉన్న మగవాళ్లకు మూత్రం బిగబట్టే ప్రమాదం ఉందని మావారికి ఇదే మందు రాయలేదు. చవక అని చులకనగా చూడవద్దు, తెలిసిన మందే కదా అని అడగకుండా వేసుకోవద్దు. గుండె అడ్డు చెప్పకపోయి ఉంటే నేను ఇప్పటికీ దాని మీదే ఉండేదాన్ని.

డులాక్సెటిన్ దగ్గర మందు కంటే ముందు మాట గుచ్చుకుంది. చీటీ చూసిన దుకాణం కుర్రవాడు నలుగురిలో, "అమ్మా, ఇది మనసు బాగోలేనివాళ్లు వాడేది కదా, మీకెందుకు రాశారు?" అన్నాడు. తల దించుకుని ఇంటికి వచ్చి రెండు రోజులు పెట్టె విప్పలేదు. నిజం ఏమిటంటే దిగులు జబ్బుకూ, షుగరు నరాల నొప్పికీ ఇదే మందు వాడతారు. అమెరికాలో 2004లో ఈ రెండిటికీ అనుమతి వచ్చింది. నొప్పిని అణిచే దారి ఒకటి మెదడు నుంచి వెన్నుపాములోకి దిగుతుందట, ఈ మందు దానికి బలం ఇస్తుందట. నా మనసు బాగానే ఉంది, నా పాదాలు బాగాలేవు. ఒకవేళ ఎవరికైనా మనసు బాగోలేక వాడుతున్నా అది దుకాణంలో గట్టిగా చదవాల్సిన సంగతి కాదు.

ముందు 30, రెండు వారాల తరవాత 60 మిల్లీగ్రాములు. మొదటి పది రోజులూ పొద్దున్నే వికారం, ఇడ్లీ చూస్తే కడుపులో తిప్పడం. ఖాళీ కడుపుతో వేసుకోకుండా అన్నం తిన్నాక వేసుకుంటే కుదుటపడింది. మత్తు లేదు, బరువు పెరగలేదు. కత్తెర చేతిలో నిలిచింది. మంట నాలుగుకు వచ్చింది. కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇవ్వరు, అప్పుడప్పుడు బీపీ చూసుకోవాలి. నా వృత్తికి సరిపోయింది ఇదే. పడని పది రోజులకే మానేసి ఉంటే నాకు ఈ సంగతి తెలిసేదే కాదు.

ఈ మూడిటిలో ఏది గొప్ప అని గుంటూరు డాక్టరుగారిని అడిగాను. 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక బ్రిటన్ పరీక్ష గురించి చెప్పారు. 130 మందికి ఈ మూడిటినీ వంతులవారీగా ఇచ్చి, చాలనప్పుడు రెండోది కలిపి చూశారట. నొప్పి తగ్గించడంలో మూడూ దాదాపు సమానమే. ప్రీగాబాలిన్‌తో తల తిరగడం, డులాక్సెటిన్‌తో వికారం, అమిట్రిప్టిలిన్‌తో నోరెండటం ఎక్కువ. నా నోటుపుస్తకంలో ఉన్నదీ అదే. ఒక్కటి చాలనివాళ్లకు రెండోది కలిపితే ఇంకొంచెం ఊరట దొరికింది. అందుకే నాకు ఇప్పుడు పొద్దున డులాక్సెటిన్, రాత్రి ఒక్క 75 ప్రీగాబాలిన్. సగం నొప్పి తగ్గితే మందు పని చేసినట్టే అని డాక్టరుగారు మొదటే చెప్పారు. పూర్తిగా పోతుందని ఆశపెట్టి ఉంటే ఈ మందులన్నిటినీ ఎప్పుడో చెత్తబుట్టలో వేసేదాన్ని. మందులు ఇప్పుడు జన ఔషధి దుకాణంలో కొంటున్నాను, బ్రాండు మందులకు పెట్టేదానిలో మూడో వంతుకు వస్తున్నాయి. మందు మారినా మంటలో తేడా ఏమీ రాలేదు.

ఎపాల్‌రెస్టాట్ మూడు నెలలు వాడాను, రోజుకు మూడుసార్లు తిండికి ముందు. చక్కెర నరంలో సార్బిటాల్‌గా మారకుండా ఆపుతుందట. జపాన్‌లో 1992 నుంచి ఉంది, మన దగ్గరా ఇస్తారు, అమెరికాలో అనుమతి లేదు. మూత్రం రంగు మారితే హడలిపోయాను, అది మందు రంగేనన్నారు. నాకు తేడా తెలియలేదు.

ఇక మంట తగ్గించేవాటిలో నాలుగోది మా గుంటూరు జిల్లాది అనిపించే మందు. కాప్సైసిన్ లేపనం. మిరపకాయకు కారం ఇచ్చే పదార్థమే ఇది. మంటకు మిరపకాయ రాయడమేమిటని మా అత్తగారు నోరు నొక్కుకున్నారు. చర్మంలోని నొప్పి నరాల కొసలను మొదట రెచ్చగొట్టి, మళ్లీ మళ్లీ రాస్తుంటే వాటిని మొద్దుబారేలా చేస్తుంది, పని చేసే తీరు అది. 0.075 శాతం లేపనాన్ని రోజుకు మూడు నాలుగుసార్లు రాయాలి. మొదటి వారం మంట ఇంకా పెరుగుతుంది, అది తెలియక చాలామంది రెండో రోజే పారేస్తారు. మూడో వారానికి కొంత నెమ్మదించింది. కానీ నా చేతులు రోజంతా పట్టుగుడ్డల మీద ఉంటాయి, కళ్లద్దాలు సర్దుకుంటూ ఉంటాయి. ఒకరోజు సబ్బుతో కడిగిన వేలే కంటికి తగిలి గంటసేపు నీళ్లు కారాయి. చేతికి తొడుగు వేసుకుని రాసుకునే ఓపిక, తీరిక ఉన్నవాళ్లకు మంచిదే, మాత్రల మత్తు ఉండదు. తెగిన చర్మం మీద, పుండు మీద అసలు రాయకూడదు. ఇదే మందు 8 శాతం పట్టీగా కూడా ఉంది. పాదాల షుగరు నొప్పికి అమెరికాలో 2020లో అనుమతించారు. దాన్ని ఆసుపత్రిలోనే వేస్తారు, ఇంట్లో వేసుకునేది కాదు.

ఐదేళ్లు నా దృష్టి అంతా మంట మీదే ఉంది. మంట తగ్గితే జబ్బు తగ్గిందనుకున్నాను. నరం చచ్చుబడుతున్న కొద్దీ కూడా మంట తగ్గవచ్చు. ఆ తేడా నాకు గుండుసూది చెప్పింది.

సూది తీసి పసుపు అద్దుకుని ఆ రాత్రి పన్నెండింటి దాకా కుట్టాను. శ్రావణమాసం కదా. వారానికి అక్కడ కాయ కాచింది, కాయ కింద నీరు పట్టింది. దగ్గర్లో ఒకచోట రోజూ కట్టు మార్పించుకున్నాను. తెల్లగా నురగ వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడు పోసి, దాని మీద చిక్కటి అయొడిన్ మందు పోసేవారు. నురగ వస్తుంటే పుండు శుభ్రమవుతోందని సంతోషించాను. కొత్తగా వచ్చే కండను కూడా ఆ నురగ చంపుతుందని, సెలైన్‌తో కడగడమే మేలని తరవాత విన్నాను. కాలు కింద పెట్టవద్దని అక్కడ ఒక్కరూ అనలేదు. సెప్టెంబరు చివర జ్వరం, వణుకు. పాదం ఎర్రబడి చీలమండ దాకా వాచింది. నొప్పి మాత్రం అప్పుడూ పెద్దగా లేదు.

గుంటూరులో షుగరు పాదాలకే ప్రత్యేకంగా చూసే చోటికి మా అబ్బాయి తీసుకెళ్లాడు. అక్కడ ఆ పూట ఏం చేశారో చెబుతాను, ఎందుకంటే మందు రాసే ముందు ఇవన్నీ జరగాలని నాకు అప్పటిదాకా తెలియదు. రెండు చెప్పులూ విప్పించి రెండు పాదాలూ వేళ్ల సందులతో సహా చూశారు. నైలాను దారం లాంటిది, 10 గ్రాముల ఒత్తిడికి వంగేది, పది చోట్ల ఆనించి కళ్లు మూసుకుని చెప్పమన్నారు. నాకు మూడు చోట్లే తెలిసింది. దారంతో బతికే మనిషిని, ఆ దారం వంగినట్టు కంటికి కనిపిస్తున్నా పాదానికి తెలియకపోతే కళ్లలో నీళ్లు తిరిగాయి. 128 హెర్ట్జ్ శ్రుతిదండం బొటనవేలి మీద పెడితే ఏమీ తెలియలేదు. కంపనాన్ని కొలిచే యంత్రం మీద 38 వోల్టులు వచ్చింది, 25 దాటితే పుండ్లు పడే ప్రమాదం ఎక్కువ. తరవాత కాలి రక్తపోటునూ చేతి రక్తపోటునూ పోల్చి చూశారు. రక్తప్రసారం బాగానే ఉందనగానే డాక్టరుగారి ముఖం తేలికపడింది. "రక్తం అందని కాలికి ఏ మందు పూసినా వృథా అమ్మా. మీకు ఆ అదృష్టం ఉంది" అన్నారు. లోహపు పుల్లతో పుండు లోతు చూశారు, ఎముక తగల్లేదు. ఎక్స్‌రే కూడా తీశారు. ఎముకకు పాకి ఉంటే యాంటీబయాటిక్ వారాల తరబడి వాడాల్సి వచ్చేదట.

కాయను, చచ్చిన చర్మాన్ని కత్తితో తీసేశారు. మత్తు ఇంజెక్షను అవసరం రాలేదు, అదే నన్ను భయపెట్టింది. పైకి శనగగింజంత కనిపించిన పుండు లోపల రూపాయి బిళ్లంత ఉంది. అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన 625 మాత్రలు రెండు వారాలు వాడాను, విరేచనాలతో నీరసించినా చీము, ఎరుపు తగ్గాయి. చీము లేని పుండుకు యాంటీబయాటిక్ మింగితే త్వరగా మానదని కూడా చెప్పారు. ముందుజాగ్రత్తగా ఇంకో వారం వాడతానని నేనే అడిగాను, వద్దన్నారు. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బిఎ1సి 9.8 ఉండటంతో ఇన్సులిన్ మొదలుపెట్టారు.

తరవాత గ్రోత్ ఫ్యాక్టర్ జెల్. కండను, చర్మాన్ని పెరగమని చెప్పే సహజ ప్రొటీన్లను జీవసాంకేతిక పద్ధతిలో తయారుచేసి జెల్‌గా ఇస్తారు. వీటిలో రెండు మన హైదరాబాదు సంస్థలవే. భారత్ బయోటెక్ వారి రీజెన్‌-డి ఒకటి, డాక్టర్ రెడ్డీస్ వారి ప్లెర్మిన్ ఒకటి. నాకు రాసింది రీజెన్‌-డి. ఆ ఏడాదే ఆ సంస్థ కొవాగ్జిన్ వేయించుకుని ఉన్నాను. ప్లెర్మిన్ జాతి మందుకు అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. ఎక్కువ ట్యూబులు వాడినవాళ్లలో క్యాన్సర్ మరణాల గురించి 2008లో పెట్టె మీద హెచ్చరిక పెట్టి, ఆ తరవాతి లెక్కలు చూసి 2018లో తీసేశారు. ఈ జెల్ రాసే ముందు నాకు ఇదివరకు ఏదైనా గడ్డ, క్యాన్సర్ ఉందా అని డాక్టరుగారు విడిగా అడిగారు.

ట్యూబు ఖరీదైనది. చల్లగా ఉంచాలన్నారు. గుంటూరు నుంచి తెనాలికి ప్యాసింజరు రైల్లో పెరుగు క్యారియరులో మంచుముక్కల మధ్య పెట్టుకుని తెచ్చాం. సెలైన్‌తో కడిగి, తడి అద్ది, పుండు మేరకే పలచగా రాసి పైన గాజుగుడ్డ. మావారు రోజుకు రెండుసార్లు చేసేవారు. నేను జాకెట్టు నమూనాలు దించుకునే పలచటి కాగితాన్ని శుభ్రమైన ప్లాస్టిక్ పొర మీద పెట్టి, ప్రతి ఆదివారం పుండు అంచు గీసుకునేదాన్ని. మొదటి ఆదివారం 22 మిల్లీమీటర్ల పొడవు, 18 వెడల్పు. నాలుగో ఆదివారానికి 18, 15. అడుగున ఎర్రటి కండ పచ్చిమాంసంలా కాకుండా దానిమ్మగింజల్లా పొంగి వచ్చింది. ఆ రంగు చూసి ఇంట్లో అందరం సంతోషపడ్డాం.

డాక్టరుగారు కాగితాలు వరుసగా పరిచి చూశారు. నాలుగు వారాల్లో వైశాల్యం సగానికి తగ్గితే పుండు మానే దారిలో ఉన్నట్టు లెక్కట, నాది మూడో వంతే తగ్గింది. "ఇంట్లో బూటు వేసుకుంటున్నారా?" అని అడిగారు. బరువు పడకుండా ఒక బూటు ఇచ్చారు, విప్పుకోవడానికి వీలుండేది. వంటింట్లోకి, దేవుడి గదిలోకి బూటుతో ఎలా వెళ్తానని విప్పేదాన్ని. దీపావళి బేరాలు వస్తున్నాయని రోజుకు రెండు గంటలు మిషను కూడా తొక్కాను. దాచకుండా చెప్పాను. ఆయన కోప్పడలేదు. నా వేలితోనే ఇంకో పాదం అదే చోట గట్టిగా నొక్కించి, "ప్రతి అడుగుకూ మీ ఒంటి బరువు ఆ పుండు మీద ఇలా పడుతోంది. జెల్ రాత్రి పెంచింది మీరు పగలు తొక్కేస్తున్నారు" అన్నారు.

ఆ రోజే పిండికట్టు వేశారు. విరిగిన ఎముకకు వేసేది కాదు, పాదం ఆకారానికి అతుక్కున్నట్టు వేసి, బరువు పాదమంతటా, పిక్క దాకా పంచే కట్టు. పుండుకు చీము, రక్తప్రసార లోపం లేవని తేలాకే వేస్తారు. వారానికోసారి విప్పి, పుండు చూసి, కొత్తది వేస్తారు. మధ్యలో నేను విప్పలేను, దాని గొప్పతనమంతా అదే. రోజూ రాయడానికి వీల్లేదు కాబట్టి జెల్ ఆగిపోయింది, లోపల మామూలు డ్రెస్సింగే.

ఎనిమిది వారాలు. దురద, బరువు, రాత్రిళ్లు పక్కకు తిరగలేకపోవడం. స్నానానికి ప్లాస్టిక్ సంచి. కొట్టు అమ్మాయి చేతిలో పెట్టి నేను మంచం మీద హుక్సు కుట్టాను. కానీ రెండో వారం కాగితం మీద 13, 10. నాలుగో వారం 8, 6. 2022 భోగికి మూడు రోజుల ముందు విప్పినప్పుడు అక్కడ గీయడానికి ఏమీ లేదు. పలచటి గులాబీ రంగు చర్మం, జాకెట్టు లోపల అస్తరు గుడ్డలా.

జెల్ పని చేయలేదని అంటున్నానా? లేదు. కండ రంగు మారింది నా కళ్ల ముందే. బరువు తీయకుండా జెల్ మీద డబ్బు పోశాను, తప్పు అక్కడుంది. రెండిటిలో ఒకదానికే డబ్బున్నవాళ్లు నన్ను అడిగితే కట్టు వేయించుకోమంటాను. మందుల దుకాణంలో దొరకదు కాబట్టి ఆ కట్టు గురించి ఎవరూ చెప్పరు.

ఈ కట్టు షుగరు కోసం మొదలైంది కాదని అక్కడే విన్నాను. పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు 1946లో వెల్లూరు సీఎంసీకి వచ్చి కుష్ఠురోగుల చేతులు, కాళ్లు చూశాడు. వాళ్ల వేళ్లు పోవడానికి కారణం రోగం కండను తినేయడం కాదని, నొప్పి తెలియక గాయాల మీద గాయాలు చేసుకోవడమేనని ఆయన చూపించాడు. ఇలాంటి కట్లతో అరికాలి పుండ్లు మానిపించాడు. తరవాత అమెరికాలో అదే జ్ఞానాన్ని షుగరు పాదాలకు వాడాడు. ఇది విన్నాక ఎమ్‌సీఆర్ చెప్పుల మీద నా బిడియం పోయింది. చిన్న చిన్న గాలి గదులున్న మెత్తటి రబ్బరుతో చేసే ఈ చెప్పులను ఒకప్పుడు కుష్ఠురోగుల కోసమే చేసేవారు. మా అత్తగారు చూడగానే గుర్తుపట్టి, "ఆ చెప్పులా?" అన్నారు. అవునత్తయ్యా, ఆ చెప్పులే.

చెప్పుల సంగతి కాస్త వివరంగా చెబుతాను, మూడు జతలు అరిగాయి కాబట్టి. పాదం అచ్చు కాగితం మీద గీయించుకుని చేయించుకోవాలి, తయారుగా దొరికేవి నా వెడల్పుకు సరిపోలేదు. మడమ వెనక పట్టీ తప్పనిసరి, లేకపోతే మొద్దుబారిన పాదం నుంచి జారిపోయినా తెలియదు. పట్టీలు అతికే రకం ఉండాలి, మేకులు కొట్టించకూడదు. సాయంత్రం పూట కొలత ఇవ్వండి, అప్పటికి పాదం కొంచెం వాచి ఉంటుంది. రబ్బరు ఆరేడు నెలలకు అణిగిపోతుంది. బొటనవేలితో నొక్కితే మళ్లీ పైకి లేవకపోతే మార్చే వేళ అయినట్టు. ఇల్లు, వంటిల్లు, స్నానాలగది అన్నిటికీ వేరే వేరే జతలు పెట్టుకున్నాను. గుడికి మందపాటి తెల్ల మేజోళ్లు, వేసవిలో పొద్దున ఆరు లోపే, ఎండెక్కిన రాతి మీద ప్రదక్షిణ మానేశాను. వేడినీళ్లలో కాళ్లు నానబెట్టడం కూడా. నా పాదానికి వేడి తెలియదు.

మానిన పుండ్లలో 40 శాతం ఏడాదిలో, 60 శాతం మూడేళ్లలో తిరగబెడతాయట. నాకు 2023లో అదే చోట కాయ మొదలైంది. నొప్పి చెప్పలేదు, రాత్రిపూట అరికాళ్లు చూసుకునే అద్దం చెప్పింది. గుంటూరు వెళ్లి ఆ కాయను చెక్కించుకుని అప్పుడే ఆపుకున్నాను.

కాలి మిషను తీసేసి మోటారు పెట్టించాను. దాని పెడలు మీద ఎంత నొక్కుతున్నానో నా పాదానికి తెలియదు, అందుకని మోటారు చప్పుడు వినుకుంటూ కుడతాను. కొట్టులో గుండుసూదులు లేవు, గుడ్డకు క్లిప్పులే. సాయంత్రం తాళం వేసే ముందు కాజాల అమ్మాయి తాడుకు కట్టిన అయస్కాంతాన్ని మిషన్ల కింద ఈడుస్తుంది. మొన్న శనివారం దానికి రెండు విరిగిన సూది ముక్కలు, ఒక హుక్కు అంటుకుని వచ్చాయి.